పన్ను నొప్పి దానంతటదే తగ్గిపోయింది, ఇంకా డెంటిస్ట్‌కి చూపించుకోవాలా?

"నెల కిందట దవడ పన్ను రెండు మూడు రోజులు బాగా సలిపింది, రాత్రిళ్లు నిద్ర లేదు. తర్వాత దానంతటదే పోయింది. ఇప్పుడేమీ లేదు. అయినా వెళ్లాలా, మళ్లీ వస్తే చూసుకోవచ్చా?" అని అడిగారు.

వెళ్లండి, మళ్లీ వచ్చేదాకా ఆగొద్దు. నేను డాక్టర్ని కాను. మా ఇంట్లో ఇంచుమించు ఇలాగే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మా ఆయనకి మొదట్లో చల్లనీళ్లు తగిలితే ఒక పన్ను జివ్వుమనేది, వెంటనే పోయేది. కొన్నాళ్లకి నీళ్లు మింగేశాక కూడా ఆ జివ్వుమనడం చాలాసేపు ఉండిపోవడం మొదలైంది. ఆ తర్వాత వేడి తగిలినా నొప్పే. పగలంతా బాగానే ఉండి, పడుకోగానే సలుపు. కొన్ని రోజులు అలా బాధపడ్డాక ఒక పొద్దున లేచేసరికి పూర్తిగా మాయం. ఉప్పునీళ్లు పుక్కిలించడం వల్లే తగ్గిందని ఆయన నమ్మకం. తర్వాతెప్పుడో క్లీనింగ్‌కి వెళ్తే, డాక్టరమ్మ చిన్న దూది ఉండని బాగా చల్లబరిచి ఒక్కో పన్నుకీ ఆనించి చూసింది. పక్క పళ్లకి తగిలితే ఉలిక్కిపడ్డ మనిషికి ఆ పన్ను దగ్గర ఏమీ తెలియలేదు. ఎక్స్‌రే తీస్తే వేరు చివర నల్లటి నీడ. లోపల నరం చచ్చిపోయింది, అందుకే నొప్పి లేదు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. పంటి పైపొర ఎనామిల్‌కి నరాలుండవు. అందుకే పిప్పి పన్ను మొదలైనప్పుడు నొప్పే ఉండదు. పుచ్చు దాని కింది పొరలోకి దిగాక చలవ, తీపి తగిలితే జివ్వుమంటుంది. ఇంకా లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం ఉంటుంది. అక్కడికి ఇన్ఫెక్షన్ చేరితే వాపు వస్తుంది, కానీ చుట్టూ గట్టి గోడలు కాబట్టి ఉబ్బడానికి చోటుండదు. ఆ ఒత్తిడే సలుపు. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ చేరుతుంది కాబట్టి రాత్రి మరీ ఎక్కువ. చివరికి నరం చచ్చిపోతే నొప్పి ఆగుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం ఆగదు. వేరు కొస నుంచి ఎముకలోకి దిగుతుంది. నెలల తరబడి ఏమీ తెలియకపోవచ్చు, లేదా చిగురు మీద చిన్న చీము పొక్కు వచ్చి చితికిపోతూ మళ్లీ మళ్లీ రావచ్చు.

మా ఆయనకి రూట్ కెనాల్‌తో పన్ను నిలిచింది. మీది కూడా అదేనని ఇక్కడి నుంచి చెప్పలేను. పళ్ల మధ్య ఏదో ఇరుక్కుని చిగురు వాచి, అది బయటికొచ్చేశాక తగ్గి ఉండొచ్చు. చివరి దవడ పన్నయితే జ్ఞానదంతం చుట్టూ చిగురు వాచి తగ్గి ఉండొచ్చు, అది మళ్లీ మళ్లీ వచ్చే రకం. ఏదన్నది చూస్తేగానీ తేలదు, అందుకే వెళ్లమనేది.

నొప్పి ఎంత తీవ్రంగా ఉంది అన్నదానికంటే ఎంతసేపు ఉంటోంది అన్నదే నేను ఎక్కువ గమనిస్తాను. చలవ తగిలినప్పుడు జివ్వుమని, కొన్ని సెకన్లలో పోతే చాలాసార్లు చిగురు కిందికి జారడమో, గట్టిగా బ్రష్ చేయడం వల్ల పన్ను అరగడమో కారణం. సెన్సిటివిటీ పేస్ట్ కొన్ని వారాలు వాడి చూడొచ్చు, తగ్గకపోతే చూపించుకోవాలి. చలవ తీసేశాక కూడా నొప్పి ఉండిపోయినా, ఏమీ తగలకుండానే వచ్చినా, నిద్రలోంచి లేపినా ఆ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కొరికితే మాత్రమే కలుక్కుమంటుంటే పగులు ఉండొచ్చు. పగుళ్లు చాలావరకు ఎక్స్‌రేలో కనపడవట, కాబట్టి ఎప్పుడు, ఎటువైపు కొరికితే వస్తుందో మీరే చెప్పాలి.

నొప్పి లేకపోయినా వెళ్లాల్సినవి వేరే ఉన్నాయి. చిగుళ్ల నుంచి రక్తం రావడం అందులో మొదటిది. మా అత్తయ్యకి ఏళ్లుగా బ్రష్ చేస్తే రక్తం వచ్చేది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని వెళ్లేవారు కాదు. నిజానికి పళ్లు వదులయ్యేది గార పేరుకుని, చిగురు కింద ఎముక కరిగిపోవడం వల్ల. గార తీసేశాక కొన్నాళ్లు సందులు పెద్దవిగా అనిపిస్తాయి, ఆ భయం అక్కడినుంచి పుట్టిందే. పొగతాగేవాళ్లకి చిగుళ్ల జబ్బు ఉన్నా రక్తం తక్కువగా వస్తుంది, కాబట్టి రక్తం లేదు కదా అని వాళ్లు ధీమాగా ఉండకూడదు. షుగర్ ఉన్నవాళ్లకి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, ఆ జబ్బు మళ్లీ షుగర్‌ని అదుపులో ఉండనివ్వదు. ఇక నోట్లో పుండు గానీ, తెల్లటి, ఎర్రటి మచ్చ గానీ రెండు వారాలు దాటినా మానకపోతే, నొప్పి లేకపోయినా చూపించాల్సిందే. పొగాకు అలవాటున్నవాళ్లయితే మరీను.

కొన్నిటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ముఖం వాచి జ్వరం వచ్చినా, వాపు కంటివైపో దవడ కిందికో పాకుతున్నా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. దెబ్బ తగిలి శాశ్వత పన్ను ఊడి వస్తే పై భాగం పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే నీళ్లతో ఒక్కసారి కడిగి, వీలైతే అదే చోట పెట్టేయండి. కుదరకపోతే పాలలో వేసి డెంటిస్ట్ దగ్గరికి పరుగెత్తండి. అరగంటలోపు చేరితే నిలబడే అవకాశం బాగుంటుంది. పాల పన్నుని మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద వచ్చే పన్ను దెబ్బతింటుంది. ఇంకొకటి, శ్రమ పడినప్పుడు దవడ లాగుతూ, ఛాతీ బరువు, చెమట కూడా ఉంటే అది పన్ను కాకపోవచ్చు, గుండె. అప్పుడు డెంటిస్ట్ కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు.

వెళ్లేలోగా పారాసెటమాల్ లాంటిది పడేవాళ్లు మోతాదు ప్రకారం వేసుకోవచ్చు. ఆస్పిరిన్ బిళ్లని చిగురు మీద పెట్టుకోవడం చాలామంది చేస్తారు, చిగురు కాలిపోతుంది, వద్దు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకుంటే వాపు తాత్కాలికంగా తగ్గొచ్చు, కానీ రక్తం అందని చచ్చిన నరంలోకి ఆ మందు వెళ్లనే వెళ్లదు. లోపలున్నది శుభ్రం చేయాలి, లేదా పన్ను తీయాలి.

మీరు ఫోన్ చేసినప్పుడు "ఇప్పుడు నొప్పి లేదు" అని మాత్రమే చెబితే నెల తర్వాత రమ్మనొచ్చు. రాత్రిళ్లు సలిపి ఆగిపోయిందని, ఏ పన్నో, వేడికా చలవకా అన్నది కూడా చెప్పండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా, షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా అదీ ముందే చెప్పండి. గర్భంతో ఉంటే వైద్యం చేయరేమో అని ఆగొద్దు, చేస్తారు.