పింటరెస్ట్‌లో అవే బొమ్మలు తిరుగుతుంటే
పింటరెస్ట్ తెరిస్తే చూసిన బొమ్మలే మళ్లీ వస్తున్నాయని, ఎవరు వేశారో కూడా తెలియట్లేదని రాశారు కదండీ. నాకూ అదే గోల ఉండేది. నచ్చిన బొమ్మను ముందు గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో (బొమ్మ ఇస్తే అది నెట్‌లో ఎక్కడెక్కడుందో వెతికి పెడతాయి) వేసి చూడండి. టిన్‌ఐలో పాతవి ముందు వచ్చేలా పెట్టుకుంటే బొమ్మ మొదట పెట్టిన చోటు చాలాసార్లు దొరుకుతుంది. పేరు తెలిశాక, ఆర్టిస్టులు తమ పనులు పెట్టుకునే బిహాన్స్ సైట్‌లో ఆ ఆర్టిస్ట్ ప్రొఫైల్ తెరిచి, 'అప్రీసియేషన్స్' నొక్కండి. ఆ మనిషి మెచ్చుకున్న పనులన్నీ అక్కడుంటాయి. అసలు నిధి అదే! ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పోతూ ఉంటే రాత్రి ఒంటిగంట అయిపోతుంది, ముందే చెప్తున్నా. ఫొటోలకైతే కొలోసల్ అనే సైట్ చూడండి, 2010 నుంచి నడుస్తోంది, మనుషులే ఏరి పెడతారు. డిజైన్‌కి లండన్ వాళ్ల 'ఇట్స్ నైస్ దట్' సైట్. సేవ్ చేసేటప్పుడు ఆర్టిస్ట్ పేరు కూడా రాసుకోండి, నేను రాసుకోక మూడొందల బొమ్మలు అనాథల్లా పడున్నాయి.