సీసా అమ్మేదెవరో ముందు తేల్చుకో

చి. సుధీర్‌కు,

బాబాయి ఆశీస్సులు. నీ మెయిల్ చదివాను. యాప్ తయారైందని, రెండు దుకాణాలు ఒప్పుకున్నాయని, ఇక లైసెన్సు ఒక్కటే మిగిలిందని రాశావు. ఆ "ఒక్కటే" దగ్గర నవ్వొచ్చింది. మందు ఇంటికి చేర్చే వ్యాపారంలో లైసెన్సు మొదటి పనిరా. యాప్ ఎలా ఉండాలో సగం అదే చెబుతుంది.

ఫారం ముట్టుకునే ముందు ఒక కాగితం తీసి రాసుకో: కొన్నవాడి డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? బిల్లు ఎవరి పేరు మీద వస్తోంది? ధర ఎవరు వేస్తున్నారు? ఈ మూడింటికీ దుకాణమే జవాబైతే నువ్వు మోసేవాడివి, డెలివరీ పర్మిట్ ఉంటే దాదాపు సరిపోతుంది. డబ్బు ముందు నీ దగ్గరికి వచ్చి, ధర నువ్వే వేసి, దుకాణానికి తర్వాత చెల్లిస్తుంటే, ఎక్సైజ్ వాళ్ల కంటికి అమ్మేది నువ్వే. అప్పుడు అమ్మకం లైసెన్సే అడుగుతారు. కమీషన్ దగ్గర కూడా జాగ్రత్త. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అమ్మకం మీద శాతం లెక్కన తీసుకుంటే, లైసెన్సు లేనివాడు దుకాణం లైసెన్సులో వాటా తింటున్నాడేమోనని ఆరా తీస్తారు. డెలివరీకి ఇంత అని స్థిరమైన రుసుము పెట్టుకుంటే నీకూ నిద్ర పడుతుంది.

"దేశం మొత్తానికి ఒకే లైసెన్సు తీసుకోవచ్చా" అని అడిగావు. చాలా చోట్ల కుదరదు. అమెరికాలో 1933లో మద్యనిషేధం ఎత్తేసిన 21వ రాజ్యాంగ సవరణే ఈ అధికారాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. భారత రాజ్యాంగంలోనూ మత్తు పానీయాలు రాష్ట్రాల జాబితాలోనే ఉన్నాయి. అందుకే టెక్సస్ 2019లో చట్టం చేసి ఇలాంటి సర్వీసుల కోసమే విడిగా ఒక పర్మిట్ తెచ్చింది. ఢిల్లీ 2021లో నిబంధనలు మార్చి, యాప్‌లోనో పోర్టల్‌లోనో వచ్చిన ఆర్డర్లను ఎల్-13 లైసెన్సు (మందు ఇంటికి చేర్చడానికే ఇచ్చేది) ఉన్నవాళ్లు ఇళ్లకు చేర్చవచ్చంది. హాస్టళ్లకు, ఆఫీసులకు, సంస్థలకు మాత్రం కూడదంది. ఈ చివరి ముక్క నీ ప్రోగ్రామర్‌కు చదివి వినిపించు. చిరునామా రాసే గడి దగ్గరే ఆగాల్సిన ఆర్డర్లు ఉంటాయని అతనికి తెలియాలి. వయసూ అంతే: ఒక చోట 18, ఇంకో చోట 21, ఢిల్లీలో 25. సరుకు చేరే ఊరి వయసే లెక్క, నీ ఆఫీసు ఉన్న చోటిది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మందు దుకాణం కౌంటర్ వదిలేసి డెలివరీ లైసెన్సుల పని మొదలుపెట్టిన కొత్తలో ఒక యాప్ వాళ్లకు రికార్డులు చూసిపెట్టేవాణ్ణి. సరుకు చేరితేనే డెలివరీ కుర్రాడికి డబ్బు. కొన్నవాడు మత్తులో ఉన్నాడని ఇవ్వనంటే ఆ ట్రిప్పు డబ్బు పోయినట్టే, పైగా సొంత పెట్రోలు పోసుకుని సీసా దుకాణంలో అప్పగించి రావాలి. ఒకరాత్రి ఓ కుర్రాడు వెళ్లేసరికి కొన్నవాడు మెట్ల కమ్మీ పట్టుకుని ఊగుతున్నాడు. ఫోన్లో ఓటీపీ కనిపిస్తున్నా చదవలేకపోతున్నాడు. మనవాడే ఆ ఫోన్ తీసుకుని, ఓటీపీ చూసి, యాప్‌లో కొట్టి, సంచీ చేతిలో పెట్టి వచ్చేశాడు. చెడ్డవాడేం కాదు, వెనక్కి ఆరు కిలోమీటర్లు.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఎవరినీ గద్దించలేదు. తెర మీద వరుసలు చూసుకుంటూ పోయి ఆ డెలివరీ దగ్గర వేలు పెట్టాడు. చేరినట్టు నొక్కిన సమయం, కార్డు స్కాన్, ఓటీపీ, ఈ మూడూ కలిపి నాలుగే సెకన్లలో పడ్డాయి. "కార్డులో ముఖం, ఎదురుగా ఉన్న ముఖం పోల్చి చూడ్డానికి ఇందులో ఎన్ని సెకన్లు పోయాయి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ నెలంతా నోటీసులకు సమాధానాలు రాయడంతోనే గడిచింది.

అందుకే చెబుతున్నాను, నిరాకరించినా కుర్రాడికి పూర్తి డబ్బివ్వు. తిరుగు ప్రయాణానికి విడిగా ఇవ్వు. ఇది దానధర్మం కాదు, నీ లైసెన్సుకు కట్టే బీమా. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ దీన్ని చట్టంలోనే పెట్టింది: అదే రోజు డెలివరీ చేసే సర్వీసులు, మత్తులో ఉన్నవాడికి ఇవ్వనన్న మనిషి జేబు కోయకూడదు. అక్కడ అర్ధరాత్రి దాటాక, ఆదివారమైతే రాత్రి 11 దాటాక, అలాంటి డెలివరీ లేదు. రాత్రి చివరి ఆర్డరు ఎన్నింటికి తీసుకుంటావో ఆలోచించేటప్పుడు, చేరే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టుకో.

కార్డు స్కాన్ చేశాక ఆ ఫోటో దాచకు. వయసు సరిపోయింది, ఫలానా సమయానికి చూశాం అన్నది ఉంటే చాలు, చట్టం ఇంకేమైనా అడిగితే అది, అంతవరకే. అమెరికాలో డ్రిజ్లీ అనే మందు డెలివరీ యాప్ నుంచి 2020లో సుమారు 25 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. అవసరం లేనివి చెరిపేయమని, ఇకమీద కావలసినంతే సేకరించమని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఉత్తర్వు ఇచ్చింది.

గుమ్మం ముందు పెట్టి రావడం, పక్కింట్లో ఇచ్చి రావడం, సీలు పోయిన సీసా మోయడం, ఇవేవీ కూడదని నీకు చెప్పక్కర్లేదు. ఫీజులు, పోలీసు వెరిఫికేషన్, బీమా కాగితాలు మీ వకీలు చూసుకుంటాడు.

నువ్వు పంపిన ఒప్పందం రెండుసార్లు చదివాను. డెలివరీ కాని సీసా దుకాణం వెనక్కి తీసుకోవాలా, ఎన్ని గంటల్లో, కొన్నవాడి డబ్బు ఎవరు తిరిగివ్వాలి అన్నదాని మీద ఒక్క వాక్యం లేదు. దుకాణం మూసేశాక కుర్రాడు ఆ సీసా రాత్రంతా ఇంట్లో ఉంచుకుంటే అది ఎవరి సరుకు? ఆ వాక్యం రాయించి పంపు. అప్పుడు మీ ఫారం చూస్తాను.

మీ బాబాయి