పాఠకుల ప్రశ్నలు: ఉక్కకు జపాను జత

ప్రశ్న: ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వాళ్ల నాన్నగారికి ‘జింబే’ అనే నీలిరంగు జత తెచ్చాడు. ఈ ఉక్కలో ఆయనకు హాయిగా ఉందట. ఇక్కడి నేతగుడ్డతో అలాంటిది కుట్టించవచ్చా? వేసుకుని బయటకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: నిరభ్యంతరంగా కుట్టించండమ్మా. అయితే దర్జీ దగ్గరకు వెళ్లేముందు ఆ చొక్కా భుజాన్ని ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. చేతిని భుజానికి కలిపేచోట కుట్టు మూసేయకుండా, కాస్త సందు వదిలి, దారాలను అటూ ఇటూ అల్లి జాలీలా కలిపి ఉంటారు. జపాను వేసవి కూడా మన కోనసీమలాగే తేమతో చెమట ఆరనివ్వదు కనుక, ఆ సందు, వెడల్పు చేతులు, పక్క చీలికలు, మోకాలి దాకా వచ్చే వదులు లాగు అన్నీ ఒంటికి గాలి తగలడానికే ఏర్పడ్డాయి. చిరుగుతుందన్న భయంతో మన దర్జీలు ఆ సందును మూసి కుట్టేస్తామంటారు, ఒప్పుకోకండి.

బండారులంక మగ్గాల మీద నేసే సన్నని చీర గుడ్డ చొక్కాకు సరే కానీ, లాగుకైతే కూర్చున్నచోట పిగిలిపోతుంది. లుంగీ గుడ్డంత మందమున్న నూలు మేలు. మీటరు పన్నా ఉంటే నాలుగు మీటర్లు తీసుకుని, కుట్టించేముందే ఒక రాత్రి నానబెట్టి ఆరేయండి.

మీవారి జత గుడ్డ మీద సన్నని ముడతలుంటే దాన్ని ఇస్త్రీ చేయకండి. షికోకు దీవిలోని తోకుషిమలో పడుగు దారాల బిగువులో తేడా వచ్చేలా నేసి, కావాలనే ముడతలు తెప్పించే ‘షిజిరా’ నేత ఉంది. ముడతల వల్ల గుడ్డ ఒంటికి అతుక్కోదు. నీలిమందు అద్దకంతో చేసే ఆ నేతను 1978లో జపాను ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. ఏదైనా మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా ఉతకండి, రంగు దిగవచ్చు.

కట్టుకునేటప్పుడు కుడివైపు అంచు లోపలికీ ఎడమవైపు అంచు పైకీ రావాలి. లోపలి నాడాలను ఎడమ పక్కనా, పైవాటిని కుడి పక్కనా ముడివేయాలి. తిరగేసి కట్టడం అక్కడ శవాలకే.

ఇక బయటకు వెళ్లడమంటారా, మన లుంగీకి ఉన్న హోదాయే దానికీ ఉంది. జపానులో ఇంట్లో, వీధి చివరి కొట్టుకు, వేసవి జాతరలకూ బాణసంచా వేడుకలకూ వేసుకుంటారు, ఆఫీసుకు వేసుకోరు. మీవారు సాయంత్రం కాలవగట్టు మీద నడకకు నిక్షేపంగా వేసుకోవచ్చు, పెళ్లికి మాత్రం వద్దు.

ప్రశ్న: ‘యుకాతా’ కూడా ఇదేనా?
– ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: కాదు. యుకాతా అస్తరు లేని నూలు కిమోనో. చీలమండల దాకా వస్తుంది, నడుముకు పట్టీ కడతారు. ఒకప్పుడు స్నానం తర్వాత వేసుకునేవారు, ఇప్పుడు వేసవి వేడుకల్లో ఆడా మగా ధరిస్తున్నారు. సుమారు 37 సెంటీమీటర్ల పన్నా, 12 మీటర్ల పొడవు ఉన్న ఒకే తాను నుంచి నిలువు ముక్కలుగా కత్తిరిస్తారు కనుక గుడ్డ దాదాపు వృథా కాదు. ఆన్‌లైన్‌లో కొంటే పాలిస్టరుది కాకుండా చూసుకోండి, మన ఉక్కలో అది భరించలేరు.