పియానో గ్రేడ్లు చేసినవాడు రాక్ కీబోర్డు వైపు వెళ్తానంటే

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి పాశ్చాత్య శాస్త్రీయ పియానో నేర్చుకుని లండన్‌కు చెందిన ట్రినిటీ కాలేజీ నిర్వహించే పరీక్షల్లో ఏడో గ్రేడు పాసయ్యాడు. ఇప్పుడు ప్రోగ్రెసివ్ రాక్ (క్లిష్టమైన లయలు, పొడవైన రచనలు ఉండే రాక్ సంగీతం) కీబోర్డు వాద్యకారుణ్ణి, స్వరకర్తను అవుతానంటున్నాడు. అమెరికా రాక్ బృందం డ్రీమ్ థియేటర్‌లో కీబోర్డు వాయించే జోర్డన్ రూడెస్ పందొమ్మిదేళ్లకే జూలియార్డ్ సంగీత కళాశాల వదిలేశారు కాబట్టి తానూ కాలేజీ మానేస్తానని పట్టుబట్టాడు. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. కానీ సగమే చెప్పాడు. మిగతా సగం మీరు ముగ్గురూ కలిసి చదవండి.

రూడెస్ 1956లో పుట్టారు. తొమ్మిదేళ్లకే న్యూయార్క్‌లోని జూలియార్డ్‌లో చేరారు. పందొమ్మిదో ఏట బయటికి వచ్చేసరికి పదేళ్ల కఠిన శిక్షణ ఆయన వేళ్లలో ఉంది. డ్రీమ్ థియేటర్‌లో చేరింది 1999లో, నలభై రెండేళ్ల వయసులో. ఈ మధ్యకాలాన్ని పిల్లలు పట్టించుకోరు గానీ, నా దృష్టిలో మీ అబ్బాయి నేర్చుకోవలసిందంతా అక్కడే ఉంది. ఆయన సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) కంపెనీల తరఫున కొత్త వాద్యాలు వాయించి చూపే ఉద్యోగం చేశారు. 1994లో ‘కీబోర్డ్’ పత్రిక పాఠకులు ఆయనను ఉత్తమ నూతన ప్రతిభగా ఎన్నుకునేనాటికి నలభైకి దగ్గరపడ్డారు. డ్రీమ్ థియేటర్ అప్పుడే పిలిచింది. చిన్నపిల్లలున్న సంసారం కావడంతో, పర్యటనల భారం తక్కువగా ఉండే డిక్సీ డ్రెగ్స్ అనే మరో బృందాన్ని ఎంచుకున్నారు. ఈ మాట మీ వారికి తప్పకుండా చెప్పండి.

బ్రిటన్‌కు చెందిన కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ కథలోనూ చదువు మానేయడం ఉంది. 1968లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి మరుసటి ఏడాదే వదిలేశారు. అయితే అప్పటికే రికార్డింగు స్టూడియోల నుంచి ఆయనకు పిలుపులు వస్తున్నాయి. ఒక్క టేక్‌లో వాయించేస్తారని పేరు. 1974లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను వెంటపెట్టుకుని తన రచనను రాయల్ ఫెస్టివల్ హాల్‌లో వినిపించగలిగారంటే, సొంతంగా పెద్ద రచన చేయడం తెలిసి ఉండబట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. 1971లో క్యాట్ స్టీవెన్స్ పాడిన ‘మార్నింగ్ హాజ్ బ్రోకెన్’లో అందరికీ గుర్తుండే పియానో వేక్‌మన్‌దే. ఆల్బం మీద మాత్రం ఆయన పేరు వేయలేదు. వాయించినవారికి సాధారణంగా దక్కేది ఆ రోజు పారితోషికమే. రాయల్టీ స్వరకర్తకు వెళ్తుంది. మన దేశంలో 2012 కాపీరైట్ సవరణ స్వరకర్తల రాయల్టీ హక్కును గట్టిపరిచింది. అందుకే మీ అబ్బాయి ‘స్వరకర్తను కూడా అవుతాను’ అన్నందుకు నాకు సంతోషం కలిగింది. ఆ కోరికను నిలబెట్టుకోమనండి.

ఈ దారి మనకు కొత్తదేమీ కాదు. ఏ.ఆర్.రెహమాన్ స్వరకర్త కాకముందు ఇళయరాజా దగ్గర, రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించారు. మణిశర్మ కూడా కీరవాణి, రాజ్-కోటిల దగ్గర కీబోర్డు వాయిస్తూనే ఎదిగారు. ఒక్క ప్రోగ్రెసివ్ రాక్ మీదే బతకడం మన దగ్గర చాలా కష్టం, ఇందులో దాపరికం అనవసరం. సినిమా నేపథ్య సంగీతం, ప్రోగ్రామింగ్, పాఠాలు చెప్పడం, ప్రకటనలకు, గేములకు సంగీతం చేయడం వంటివాటిలో రెండు మూడు కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. రూడెస్ కూడా బృందం ఒక్కదాని మీదే ఆధారపడలేదు. 2010లో విజ్డమ్ మ్యూజిక్ అనే సంస్థ పెట్టి సంగీత యాప్‌లు తయారుచేశారు. ఆ సంస్థ మరో సంస్థతో కలిసి చేసిన జియోష్రెడ్ అనే యాప్ మీద మహేశ్ రాఘవన్ కర్ణాటక సంగీతాన్ని గమకాలతో సహా ఐప్యాడ్‌పై పలికిస్తున్నారు. మీవాడిని వినమనండి.

ఇక నిర్ణయం. ఇంటర్ మానకూడదు. ఇది మీ అబ్బాయికి. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా నడిచే ఐఐటీ కోచింగ్ మాన్పించండి, హాస్టల్లో ఉంటే ఇంటికి తెచ్చుకోండి. ఇది మీ వారికి. రోజుకు మూడు గంటల సాధన లేకుండా ఎనిమిదో గ్రేడు బాగా రాదు, అలాంటి కోచింగ్‌తో మూడు గంటలు దొరకవు. ఇంటర్ పాసైతే చాలా డిగ్రీలకు తలుపు తెరిచే ఉంటుంది.

ఈ ఏడాదిలో ఎనిమిదో గ్రేడు పూర్తిచేయాలి. ఎన్నడూ చూడని పేజీని ముందు పెడితే ఆగకుండా వాయించగలగాలి. స్టూడియోలో అన్నం పెట్టేది ఆ నైపుణ్యమే. దగ్గరలో మంచి మృదంగ గురువు ఉంటే కొన్నాళ్లు లయ నేర్చుకోమనండి. ఏడక్షరాల మిశ్రచాపు, ఐదక్షరాల ఖండచాపు తాళాలు చేతిమీద నిలిస్తే ప్రోగ్రెసివ్ రాక్‌లోని బేసి లెక్కలు బెదిరించవు. లక్షలు పోసి వర్క్‌స్టేషన్ (శబ్దాలు, రికార్డింగు అన్నీ తనలోనే ఉన్న పెద్ద కీబోర్డు) కొనకండి. నొక్కితే అసలు పియానోలాగే బరువు తెలిసే 88 మెట్ల డిజిటల్ పియానో, ఒక కంప్యూటర్ ఇప్పటికి చాలు.

అన్నిటికంటే ముఖ్యం, సొంతంగా మూడు రచనలు చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో శబ్దాలు పేర్చినవి కాకుండా, డ్రమ్స్‌కు, బేస్ గిటార్‌కు ఏం వాయించాలో స్టాఫ్ నొటేషన్‌లో (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపిలో) రాసినవి. వాటిని తోటి కుర్రాళ్లతో కలిసి వాయించి రికార్డు చేయాలి. ఈ పని ఇష్టంగా చేస్తే రెహమాన్ 2008లో చెన్నైలో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ వంటి చోట్లకు దరఖాస్తు పెట్టవచ్చు. ట్రినిటీలోనే గ్రేడ్ల తర్వాత చేసే ఏటీసీఎల్, ఎల్‌టీసీఎల్ డిప్లొమాలూ ఉన్నాయి. ఏడాది గడిచినా ఒక్క రచన కూడా పూర్తికాకపోతే, ఏదైనా డిగ్రీలో చేర్చి సంగీతాన్ని పక్కన కొనసాగించమని చెబుతాను.

ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలకు ముందే ఆ నొటేషన్, రికార్డింగులతో మళ్లీ రాయండి. ఏ కోర్సు, ఎంత ఖర్చు అన్నది అప్పుడు లెక్కలు వేసుకుని మాట్లాడుకుందాం.