అట్టపెట్టెలకూ ఒక చదువుంది

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎమ్మెస్సీయో, బీఈడీయో చేయమంటే, ఫోన్లు, టీవీల ప్యాకింగ్‌లో ప్లాస్టిక్ తగ్గించే చదువు చదువుతానంటోంది. ‘అట్టపెట్టెలు చేయడానికి కూడా చదువా’ అని మా అత్తగారు అంటున్నారు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అత్తగారికి చెప్పాల్సిన సమాధానం మీ వంటింట్లోనే ఉంది. కోడిగుడ్లు తెచ్చే అట్ట ట్రే ఒకటి ఆమె చేతికివ్వండి. పాత కాగితాన్ని నానబెట్టి, గుజ్జు చేసి, అచ్చుకు పట్టించి ఆరబెడితే తయారయ్యే వస్తువు అది. ముప్ఫై గుడ్లను గతుకుల రోడ్డు మీద కూడా పగలకుండా ఇంటికి చేరుస్తుంది. ఇప్పుడు చాలా ఫోన్ల పెట్టెల్లో ఫోన్‌ను పట్టి ఉంచే ట్రే కూడా ఈ పద్ధతిలోనే వస్తోంది. గుజ్జు ఎంత సన్నగా ఉండాలి, గోడ ఎంత మందం రావాలి, ఎంత ఎత్తు నుంచి పడినా లోపలి వస్తువు నిలవాలి... మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఈ లెక్కలే.

అయితే థర్మకోల్ తీసేసి కాగితం పెడితే పని అయిపోయిందని ఆమె అనుకుంటుంటే, ఇప్పుడే సరిచేయాలి. టీవీ అద్దం పగిలిందంటే దాన్ని తయారు చేయడానికి వాడిన లోహం, కరెంటు, నీళ్లు అన్నీ వృథా. దాని ముందు పెట్టె చేసే నష్టం చాలా చిన్నది. అందుకే ప్రతి కొత్త ప్యాకింగ్‌నూ మూలల మీద పడేసి చూస్తారు, లారీలో ఊగినట్టు ఊపి చూస్తారు, పైన బరువు పెట్టి అణిచి చూస్తారు. అట్టకు తేమ పెద్ద శత్రువు. నవంబరు వానల్లో గోడౌన్‌లో వరుసలు పేర్చితే అడుగు పెట్టె మెత్తబడి కుంగిపోతుంది. తేమ ఆపడానికి అట్ట మీద ప్లాస్టిక్ పొర అతికిస్తే, కాగితం మిల్లులో ఆ రెంటినీ విడదీయడం కష్టం. మీ అమ్మాయి కెమిస్ట్రీ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

మన వీధుల్లో పాత పేపర్లు కొనేవాళ్లు అట్టను కిలోల లెక్కన తీసుకుంటారు, థర్మకోల్‌ను మాత్రం ముట్టుకోరు. బరువుండదు, చోటు మాత్రం ఆక్రమిస్తుంది. చివరికి అది కాలువల్లో చేరుతుంది. వాన వెలిశాక నీవా నది పక్కన నడిచినప్పుడల్లా ఆ తెల్ల ముక్కలు చూసి నాకు బాధ కలుగుతుంది.

కొన్నిసార్లు అట్ట మందం కంటే పెట్టె సైజే ముఖ్యం. 2020లో ఐఫోన్ 12 పెట్టెలోంచి యాపిల్ ఛార్జర్ తీసేసింది. పెట్టె ఎత్తు తగ్గి, ఒక్కో ప్యాలెట్ (రవాణాలో సరుకు పేర్చే పలక) మీద 70 శాతం దాకా ఎక్కువ పెట్టెలు పట్టాయని చెప్పింది. ఛార్జర్ విడిగా కొనేవాళ్లకు ఇంకో పెట్టె వస్తుంది కదా అన్న ప్రశ్న నాకైతే న్యాయమే అనిపిస్తుంది. మీ అమ్మాయినీ దీని మీద ఆలోచించమనండి.

ఉద్యోగాల మాటకొస్తే, ప్లాస్టిక్ ప్యాకింగ్‌తో సరుకు అమ్మే కంపెనీలే ఆ ప్లాస్టిక్ సేకరణకు, రీసైక్లింగ్‌కు బాధ్యత వహించాలని 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. దాంతో ఎంత ప్లాస్టిక్ వాడుతున్నారో కంపెనీలు లెక్క చూపాల్సి వస్తోంది, ఆ లెక్క తెలిసిన మనుషులు కావాలి. రేణిగుంట దగ్గర టీవీలు, శ్రీసిటీలో ఫోన్లు, ఏసీలు తయారవుతున్నాయి కాబట్టి ఇంటికి దగ్గర్లో పని దొరికే వీలుంది. కానీ ఒక మాట దాచను. పెట్టె ఎలా ఉండాలో చాలాసార్లు బ్రాండ్ కంపెనీ వేరే ఊళ్లోనో, వేరే దేశంలోనో నిర్ణయిస్తుంది. ఇక్కడి ఫ్యాక్టరీలో మొదట దొరికేది క్వాలిటీ, టెస్టింగ్ పనులే. లేదంటే అట్టపెట్టెల యూనిట్‌లో దుమ్ము, చప్పుడు, షిఫ్టులు. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకోవద్దు.

చదువుకు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ ఉంది. 1966లో ముంబై కేంద్రంగా మొదలైంది, కేంద్ర వాణిజ్య శాఖ కింద నడుస్తుంది, హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. సైన్స్ డిగ్రీ వాళ్లకు రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంటుంది. ప్లాస్టిక్‌ల కెమిస్ట్రీ మీదే ఎక్కువ ఇష్టముంటే ప్లాస్టిక్ ఇంజినీరింగ్ నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ విజయవాడ, చెన్నైలలో ఉంది, అది చూడండి. ఫీజు, అర్హతలు ఈ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

దరఖాస్తు చేసే ముందు ఆమెకు ఒక పని చెప్పండి. ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న టీవీ పెట్టె, మిక్సీ పెట్టె విప్పి అట్ట, థర్మకోల్, కవర్లు, టేపు విడివిడిగా తూకం వేయాలి. ఏది తీసేయొచ్చు, ఏది తీసేస్తే వస్తువు పగులుతుంది, ఎందుకు అన్నది రెండు పేజీలు రాయాలి. వారం రోజులు ఆ పని ఇష్టంగా చేసిందంటే ఆ కాగితాలే పట్టుకుని మీ ఇద్దరూ హైదరాబాద్ వెళ్లి, క్లాసులూ ల్యాబూ చూసి, అక్కడ చదువుతున్న ఆడపిల్లలతో మాట్లాడి రండి. హాస్టల్ సంగతి కూడా వాళ్లనే అడగండి.