టీకా వల్ల నెలసరి మారుతుందా? నా అనుభవం, మా పాపకు హెచ్‌పీవీ టీకా వేయించిన సంగతి

గాజువాక నుంచి అడిగిన అమ్మకు. కొవిడ్ టీకా తర్వాత మీ నెలసరి రెండు నెలలు అటూ ఇటూ అయిందన్నారు. ఇప్పుడు పన్నెండేళ్ల పాపకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయిద్దామంటే, గర్భసంచి పాడవుతుందని మీ అత్తగారు ఒప్పుకోవడం లేదన్నారు. మీకు జరిగింది భ్రమ కాదండి, నిజంగానే జరుగుతుంది. అయినా పాపకు టీకా వేయించండి. మా అమ్మాయికి నేను వేయించాను.

2021లో నేను అచ్యుతాపురం సెజ్‌లో ఒక బట్టల కంపెనీలో కుట్టు లైన్‌లో పనిచేసేదాన్ని. కూర్మన్నపాలెం నుంచి కంపెనీ బస్సు, బస్సు నిండా ఆడవాళ్లమే. 18 ఏళ్లు నిండిన వాళ్లందరికీ టీకా అనగానే అందరి ఫోన్లలో ఒక మెసేజ్ తిరిగింది, నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత టీకా వేయించుకోవద్దని. అది తప్పుడు ప్రచారమని కేంద్ర ప్రభుత్వం అప్పుడే చెప్పింది. టీకా వేసిన చోట మాత్రం జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకోమన్నారు, నెలసరి మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ నెల నాకు డేట్ వారానికి పైగా ఆలస్యమైంది. గర్భమేమోనని టెస్ట్ కూడా చేసుకున్నాను. తీరా వచ్చాక, పొద్దున పెట్టుకున్న ప్యాడ్ భోజనం బెల్లు దాకా ఆగేది కాదు. మిషన్ మీద పని పేరుకుపోతుంటే మాటిమాటికీ లేచి లైన్ లీడర్ దగ్గర బాత్రూమ్‌కి పర్మిషన్ అడగడం ఎంత నరకమో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. తిరుగు బస్సులో పక్కనున్న అమ్మాయితో మెల్లగా చెప్పుకుంటుంటే ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి, "నాకూ అంతేనమ్మా" అంది. లంకెలపాలెం వచ్చేసరికి సగం బస్సు నోరు విప్పింది. ఒకరికి ముందే వచ్చేసింది, ఒకరికి ఆలస్యం, ఇంకొకరికి గడ్డలు గడ్డలుగా పోయింది. ఏ తేడా లేనివాళ్లూ చాలామందే ఉన్నారు. అన్ని రోజులూ ఎవరికి వాళ్లం మనకే ఏదో జబ్బు వచ్చిందనుకుని లోపల్లోపల కుమిలిపోయాం. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఆ ఒక్క మాట చెప్పడానికి అప్పటికి ఎవరి దగ్గరా లెక్కలు లేవు, ఎందుకంటే టీకాలను పరీక్షించినప్పుడు ఆడవాళ్ల నెలసరి వివరాలు రాబట్టలేదు. 2022లో పలు దేశాలకు చెందిన సుమారు 20 వేల మంది ఆడవాళ్లు యాప్‌లో నమోదు చేసుకున్న తేదీలను పరిశీలిస్తే, టీకా తర్వాతి నెలసరి సగటున ఒక రోజులోపే ఆలస్యమైందని తేలింది. రెండు డోసులూ ఒకే నెలసరి చక్రంలో పడినవాళ్లకు మూడు నాలుగు రోజులు. ఎనిమిది రోజులు, అంతకు పైగా తేడా వచ్చినవాళ్లు టీకా తీసుకున్నవాళ్లలో నూటికి ఆరుగురు, తీసుకోనివాళ్లలో ఐదుగురు. అంటే టీకా జోలికి పోకపోయినా కొందరికి ఏదో ఒక నెల అంత తేడా వస్తుందన్నమాట. ఎక్కువ రక్తస్రావం సంగతి కూడా తర్వాత యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఒప్పుకుంది. 2022 అక్టోబరులో ఫైజర్, మోడెర్నా టీకాల దుష్ప్రభావాల జాబితాలో దాన్ని చేర్చమంది.

నెలసరి చక్రం మొదటి సగంలో, అండం విడుదల కాకముందు టీకా పడినవాళ్లలోనే ఈ ఆలస్యం కనిపించింది, రెండో సగంలో పడినవాళ్లలో కనిపించలేదు. డేట్ అటూ ఇటూ అవడానికీ గర్భసంచి పాడవడానికీ సంబంధం లేదు. అమెరికా, కెనడాల్లో పిల్లల కోసం ప్రయత్నిస్తున్న రెండు వేలకు పైగా జంటలను గమనిస్తే, టీకా వల్ల గర్భం రావడంలో తేడా ఏమీ కనబడలేదు. నాకు కూడా నెలా రెండు నెలల్లో అంతా కుదురుకుంది.

ఇక హెచ్‌పీవీ. మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. మన తెలుగు ఇళ్లలో ఈ టీకా అనగానే ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో ఖమ్మం జిల్లాలోను, గుజరాత్‌లోని వడోదరలోను వేలాది ఆడపిల్లలకు ఈ టీకా వేశారు. తర్వాత వారిలో ఏడుగురు చనిపోవడంతో 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. విచారణలో పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి తప్ప టీకా కారణమని తేలలేదు. కానీ చాలామంది హాస్టల్ పిల్లల తరఫున తల్లిదండ్రులను అడగకుండా వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. అది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ తప్పు చేసింది మనుషులండి, మందు కాదు.

నెలసరి విషయానికొస్తే, జపాన్‌లోని నగోయాలో దాదాపు 30 వేల మంది అమ్మాయిలను 24 రకాల ఇబ్బందుల గురించి అడిగారు, అందులో నెలసరి గతి తప్పడం కూడా ఉంది. వేయించుకున్నవాళ్లకూ వేయించుకోనివాళ్లకూ తేడా తేలలేదు. అండాశయాలు ముందే ఆగిపోతాయన్న భయాన్ని అమెరికాలో రెండు లక్షల మంది దాకా అమ్మాయిల ఆరోగ్య రికార్డులు చూసి పరిశీలిస్తే అదీ నిలవలేదు. మరోవైపు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఏటా 75 వేల మందికి పైగా ఆడవాళ్ల ప్రాణాలు తీస్తోంది. మా పెద్దమ్మను అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి తిప్పిన ఇల్లు మాది. అందుకే మా పాప విషయంలో నేను వెనకాడలేదు.

ఒక్క పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్లు పిల్లలకు డేట్ ఎలాగూ కుదురుగా రాదు, 21 రోజులకూ రావచ్చు, 45 రోజులకూ రావచ్చు. టీకాకు ముందు తేదీలు రాసి లేకపోతే ఆ తర్వాత ప్రతి తేడా టీకా నెత్తినే పడుతుంది. మా వంటింట్లో తెలుగు క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే మా పాప ఎర్ర పెన్నుతో చిన్న చుక్క పెడుతుంది. డాక్టరమ్మ "లాస్ట్ డేట్ ఎప్పుడు?" అంటే టక్కున చెబుతుంది.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ఎనిమిది రోజులు దాటినా, మూడు నెలలు అసలు రాకపోయినా టీకా వల్లే అని ఊరుకోకండి, డాక్టర్‌కి చూపించండి. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో గానీ, ఘోషాసుపత్రిలో గానీ ఆడవాళ్ల ఓపీ ఉంటుంది. ముట్లు ఆగిపోయిన పెద్దవాళ్లకు మళ్లీ కనిపిస్తే అసలు ఆలస్యం చేయకూడదు. మా బస్సులో ఒకావిడను అలాగే పట్టుబట్టి పంపించాం.

పాపకు 15 ఏళ్లలోపు కాబట్టి సాధారణంగా ఆరు నెలల తేడాతో రెండు డోసులు వేస్తారు. ఆ రోజు డేట్‌లో ఉన్నా ఫర్వాలేదు. ఖాళీ కడుపుతో మాత్రం తీసుకెళ్లకండి. సూది చూసి కళ్లు తిరిగే పిల్లలు చాలామంది, వేయించాక పావుగంట అక్కడే కూర్చోబెట్టండి. మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకెళ్లి, ఆవిడ అడగాలనుకున్నది డాక్టర్‌నే అడగనివ్వండి.