నాలుగో వాచీ గురించి మేనల్లుడికి

చి. మేనల్లుడికి మేనమామ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. పెట్టెలో మూడున్నాయి: నీలం డయల్ ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎమ్, నల్ల డయల్ ట్యూడర్ బ్లాక్ బే 58, మళ్లీ నీలం డయలే ఉన్న రోలెక్స్ డేట్‌జస్ట్ 41. నాలుగోది రోలెక్స్ సబ్‌మెరైనరా, ఒమేగా స్పీడ్‌మాస్టరా, మీ ఆవిడ ముచ్చటపడ్డ జేగర్-లెకూల్ట్ర్ వారి రివర్సోనా అని అడిగావు. నా ఓటు రివర్సోకే. ఎందుకో చెబుతాను. కొనేటప్పుడు ఎక్కడ దెబ్బ తినే వీలుందో కూడా చెబుతాను.

ముందు సబ్‌మెరైనర్ సంగతి తేల్చేద్దాం. మంచి వాచీ, అందులో పేచీ లేదు. అది నీళ్లలో 300 మీటర్ల లోతు వరకు తట్టుకుంటుందంటారు. నీ సీమాస్టర్‌దీ 300 మీటర్లే, ట్యూడర్‌ది 200. మన హుస్సేన్ సాగర్ ఎంత లోతున్న చోటైనా 32 అడుగులే! ఈ డైవింగ్ వాచీలు మూడూ ఉక్కువే, మూడింటికీ తిరిగే బెజెలే (డయల్ చుట్టూ ఉండే రింగు), చీకట్లో మెరిసే గుర్తులే. సబ్‌మెరైనర్ ఇంటికొచ్చిన మర్నాటి నుంచి ట్యూడర్ లాకర్లో పడుకుంటుంది. మనసంతా దాని మీదే ఉంటే పద్ధతి వేరు. సీమాస్టర్, ట్యూడర్ రెండూ అమ్మేసి దాన్ని తెచ్చుకో. అప్పుడు నీ దగ్గర ఉండేవి నాలుగు కాదు, రెండు. "దాని ధర పడిపోదు కదా మామయ్యా" అన్నావు. అమ్మే ఉద్దేశం లేనివాడు అమ్మకం ధర చూసి కొనడం ఏం లెక్కో నాకు అంతుపట్టదు.

కొనే ముందు ఒక నెల రోజులు రాసుకో. ఫోన్లో రోజూ పొద్దున ఏ వాచీ పెట్టుకున్నావో, ఏ బట్టల మీదకో రెండు ముక్కలు చాలు. 30 రోజులయ్యాక తిరగేస్తే, మూడింటిలో ఏది పెట్టుకున్నా సరిపోయిన రోజులు కొన్ని కనిపిస్తాయి. ఏదీ కుదరక ఏదో ఒకటి తగిలించుకుపోయిన రోజులు కొన్ని కనిపిస్తాయి. నాలుగో వాచీ ఈ రెండో రకం రోజుల కోసం. నీ విషయంలో అవి ఏవో ఇప్పుడే ఊహించగలను: పెళ్లిళ్లు, రిసెప్షన్లు, పొడుగు చేతుల చొక్కా వేసుకునే మీటింగులు. సీమాస్టర్ మందం పదమూడున్నర మిల్లీమీటర్లు. ట్యూడర్, డేట్‌జస్ట్ 12కి అటూ ఇటూ. గుండీ పెట్టిన కఫ్ కిందికి ఇవి తేలిగ్గా జారవు. అంచు దగ్గరే ఆగి, పళ్లున్న బెజెల్‌తో గుడ్డని రోజూ రాస్తుంటాయి. పట్టు లాల్చీ అయితే చైను లింకుల మధ్య పోగు పట్టేసుకుంటుంది. అందుకని నీకు కావలసింది పల్చటిది, బెల్టుది, లేత రంగు డయల్‌ది. నీవి మూడూ ముదురు రంగులే, గమనించావా?

ఇప్పుడు కొలతలు. మణికట్టు చుట్టుకొలత 16.5 సెంటీమీటర్లు అన్నావు. అది బెల్టుకి పనికొస్తుంది కానీ వాచీ ఎంచుకోవడానికి చాలదు. మణికట్టు పైభాగంలో చదునుగా ఉండే చోటు వెడల్పు ఎంతో చూడాలి. చెయ్యి బల్ల మీద పెట్టి, ఎముక గుబ్బ దాటాక స్కేలు అడ్డంగా ఆనించి చదువు. సాయంత్రం పూట కొలువు, పగలంతా తిరిగాక చెయ్యి కాస్త ఉబ్బుతుంది. నీ చేతికి 52 మి.మీ. దరిదాపుల్లో రావాలి. బెల్టు తగిలించే కొమ్ములుంటాయి చూడు, పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా పొడవు ఆ 52 కంటే నాలుగైదు మి.మీ. తక్కువ ఉంటే వాచీ చేతి మీద కూర్చుంటుంది. మించితే కొమ్ములు గాల్లోకి లేస్తాయి. వాచీ కేసు వ్యాసం 42 అని, 39 అని చెప్పే అంకె ఈ విషయం చెప్పదు. రివర్సో క్లాసిక్ లార్జ్ కొమ్ములతో కలిపి 45.6 మి.మీ. పొడవు, 27.4 వెడల్పు, మందం ఎనిమిదిన్నర. మీడియం 40.1 పొడవు, 24.4 వెడల్పు. రెండు సైజులకీ అట్టముక్కలు కత్తిరించి, చేతి మీద పెట్టి, రబ్బరు బ్యాండు వేసుకుని ఒక సాయంత్రం ఇంట్లో తిరుగు. ఫొటో అయితే అద్దం ముందు నిలబడి తీసుకో. చేతికి దగ్గరగా ఫోను పెట్టి తీస్తే ఏ వాచీ అయినా పళ్లెంలా కనిపిస్తుంది. దుకాణాల్లో చాలామంది మోసపోయేది ఆ ఫొటోతోనే.

రివర్సో మన గడ్డ మీది అవసరంతో పుట్టింది. బ్రిటిష్ ఇండియాలో పోలో ఆడే సైనికాధికారుల వాచీల గ్లాసులు పగిలిపోతుంటే, గ్లాసు వైపు లోపలికి తిప్పేసుకునే వాచీ చేయించాలని సీజర్ ద ట్రే అనే వ్యాపారి పూనుకున్నాడు. రెనే-ఆల్ఫ్రెడ్ షోవో అనే ఇంజనీరు గీసిన ఏర్పాటుకి 1931 మార్చి 4న పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఈ రోజుకీ అదే ఏర్పాటు. కింద ఒక పళ్లెం, దాని మీద పట్టాల్లాంటి గాళ్లు, ఆ గాళ్లలో జరిగే పెట్టె, అంటే వాచీ కేసు. లోపల ఉన్నది 822 మెషీన్, కీ ఇచ్చేది. తేదీ లేదు, ఆరు దగ్గర చిన్న సెకన్ల ముల్లు. తేదీ లేకపోవడం లోటనుకోకు. నాలుగు వాచీలున్నవాడి చేతిలో ఏది తీసినా ఆగిపోయే ఉంటుంది. తేదీ ఉన్నదైతే పెళ్లికి బయల్దేరే హడావిడిలో నిలబడి తేదీ తిప్పుకోవాలి. ఇదైతే పదిసార్లు కీ ఇచ్చి, ముళ్లు సరిచేసి, బయటపడొచ్చు.

తిప్పడం ముందు షోరూంలో నేర్చుకో. పెట్టెని ఒక వైపుకి పూర్తిగా జరిపాకే తిప్పాలి. సగం జరిపి తిప్పబోతే గాడి అంచులు గీసుకుంటాయి. బలం పెట్టే పని అసలు రాకూడదు. తిప్పి వెనక్కి తోశాక టక్కుమని చిన్న చప్పుడుతో కూర్చోవాలి. పెట్టెకీ పళ్లేనికీ మధ్య మన ఎండల్లో చెమట, దుమ్ము కలిసి నల్లటి మడ్డి కడుతుంది. నెలకోసారి తిప్పి తెరిచి, మెత్తటి పొడి బ్రష్‌తో ఆ గాళ్లు దులిపేస్తే చాలు. నూనె వెయ్యకు, దుమ్ము ఇంకా పట్టేస్తుంది. వెనక వైపు ఉక్కు రేకు ఖాళీగా ఉంటుంది, దాని మీద పేరో తేదీయో చెక్కించుకోవచ్చు. కానీ చెక్కించిన వాచీని తర్వాత కొనేవాళ్లు తగ్గుతారు. నెల రోజులు వాడాకే ఆ ఆలోచన చెయ్యి.

డబ్బాతో, వారంటీ కార్డుతో ఉన్న వాడిన రివర్సో దొరికితే కొత్తదాని కంటే అదే మేలు. ఉక్కు రివర్సో షోరూం దాటగానే ధర దిగుతుంది. ఆ దిగుడు ఇంకొకరు భరించేసి ఉంటారు. కాకపోతే చూసి తీసుకోవాలి. కంటికి పెట్టుకునే 10ఎక్స్ భూతద్దం ఒకటి జేబులో వేసుకెళ్లు.

మొదట పెట్టె అంచులు చూడు. పైనా కిందా మూడేసి గాడి గీతలుంటాయి. వాటి అంచులు పదునుగా ఉండాలి. పాలిష్ పట్టించిన వాచీలో ఆ గీతలు కరిగిన సబ్బులా గుండ్రబడి ఉంటాయి. మెరుపు చూసి మురిసిపోకు, గీరుకుపోయినా అంచులు పదునుగా ఉన్న పెట్టె నున్నటి పెట్టె కంటే విలువైనది. తర్వాత వాచీని చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపు. పెట్టె పళ్లెంలో లొడలొడలాడితే, కూర్చునేటప్పుడు ఆ టక్కు చప్పుడు నీరసంగా ఉంటే, గాళ్లు గానీ లోపలి బంతి-స్ప్రింగు గానీ అరిగాయన్నమాట. బాగు చెయ్యడం వీధి చివర దుకాణం పని కాదు, కంపెనీకే పోవాలి. ఆ ఖర్చు తగ్గించి బేరం ఆడు, లేదా వదిలెయ్యి. డయల్ మీద అంకెల అంచులు భూతద్దంలో ఒక్కొక్కటీ చూడు. ముఖ్యంగా పాత వాచీల్లో మళ్లీ రంగు వేసిన డయళ్లు మన దేశంలో కొల్లలు. అక్షరాలు లావుగానో వంకరగానో ఉంటే, గీతలు మధ్యలోకి సూటిగా చూడకపోతే ముట్టుకోకు.

వాచీ నడక కొలిచే యంత్రం, టైమ్‌గ్రాఫర్ మీద పెట్టించు. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టి చూస్తే ఆంప్లిట్యూడ్ (లోపలి బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతోందో చెప్పే డిగ్రీల లెక్క) 270కి పైన ఉంటే సంతోషం. నిలువుగా పెట్టినప్పుడు తగ్గుతుంది, అది మామూలే. 220 దరిదాపులకి జారితే లోపల నూనె ఎండింది, సర్వీసింగ్ దగ్గరపడింది. లిఫ్ట్ యాంగిల్ అని ఆ యంత్రానికి ఒక్కో మెషీన్‌ని బట్టి ముందే ఇవ్వాల్సిన అంకె ఒకటుంటుంది, అది ఎంత పెట్టాడో అడుగు. ప్రతి మెషీన్‌కీ 52 అని ఉంచేసి చూపించేవాళ్లున్నారు. మెషీన్‌ది వేరైతే తెరమీద ఆంప్లిట్యూడ్ తప్పుగా చూపిస్తుంది. నీ సీమాస్టర్‌లో ఉన్నలాంటి కో-యాక్సియల్ రకం మెషీన్ల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ.

స్పీడ్‌మాస్టర్ మీద నాకు కోపమేం లేదు. అది క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్నది. నీ నెల రోజుల చిట్టాలో పెళ్లిళ్ల కంటే శని, ఆదివారాల జీన్సు రోజులే ఎక్కువ తేలితే అదే తీసుకో. 42 మి.మీ. అన్నా కొమ్ములతో 48 లోపే, నీ చేతికి పడుతుంది. 3861 మెషీన్, కీ ఇచ్చేది, ఒకసారి పూర్తిగా ఇస్తే 50 గంటలు నడుస్తుంది. ప్లాస్టిక్ గ్లాసు హెసలైట్‌ది తీసుకుంటే గీతలు పడతాయి, కానీ ప్లాస్టిక్ పాలిష్ పేస్టుతో అయిదు నిమిషాలు రుద్దితే పోతాయి. సఫైర్ గ్లాసుకి గీత పడదు గానీ అంచున పాల రంగు వలయం కనిపిస్తుంది, కొందరికి అది నచ్చదు. కొనేటప్పుడు పైబటన్ నొక్కి, ఆపి, కింది బటన్‌తో వెనక్కి పంపి చూడు. పొడుగు ముల్లు పన్నెండు మీదే సూటిగా నిలవాలి. వెంట్రుకవాసి పక్కకి ఆగినా అడుగు. క్రోనోగ్రాఫ్ సర్వీసింగ్ మామూలు మూడు ముళ్ల వాచీ కంటే ఖరీదు. ఏ వాచీ అయినా ధర అడిగినప్పుడే సర్వీసింగ్ ఎంత, ఏ ఊరికి పంపుతారు, ఎన్ని వారాలు అని కూడా అడిగి కాగితం మీద రాయించుకో. నాలుగు వాచీలంటే ఏడాది మార్చి ఏడాది ఏదో ఒకటి సర్వీసింగ్‌కి పోతుంటుందనే లెక్కన ఉండు.

డబ్బు విషయం. పది లక్షలు దాటిన చేతి వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మేవాడు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చెయ్యాలి. అది పోయిన డబ్బు కాదు, నీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్నులో చూపించి సర్దుకోవచ్చు. అందుకని బిల్లు మీద పాన్ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకో. రెండు లక్షలు, ఆ పైన నగదుగా ఇస్తే తగ్గిస్తానన్నవాడి దగ్గర కొనకు. పెట్టె మీది సీరియల్ నంబరూ కార్డు మీదదీ అంకె అంకె కలవాలి. అమెరికా నుంచి వచ్చే మీ బావ చేతికి పెట్టుకొస్తాడులే అనుకుంటున్నావేమో! ఎయిర్‌పోర్టులో సుంకం పడే సామాను చూపించే రెడ్ చానెల్‌కి వెళ్లి డ్యూటీ కట్టిన రసీదు లేకపోతే ఆ వాచీ మీద నీకెప్పుడూ నిశ్చింత ఉండదు. స్విట్జర్లాండ్ ఉన్న ఈఎఫ్‌టీఏ కూటమితో మన దేశ వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల మీద సుంకం విడతలవారీగా తగ్గుతోంది. తొందరేం లేదు. నువ్వే విదేశాలకి వెళ్లేటప్పుడు ఖరీదైన వాచీ పెట్టుకెళ్తే, బయల్దేరే ముందు కస్టమ్స్ కౌంటర్లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకో. తిరిగొచ్చేటప్పుడు "అక్కడ కొన్నారా" అనే వాదన ఉండదు.

ఇక రివర్సో వచ్చాక మానుకోవలసిన అలవాట్లు. సీమాస్టర్ 15,000 గాస్ అయస్కాంతాన్ని తట్టుకుంటుంది కాబట్టి నువ్వు దాన్ని టాబ్లెట్ కవరు మీదా ల్యాప్‌టాప్ స్పీకరు మీదా పడేస్తావు. రివర్సోని అలా పడేస్తే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని, రోజుకి నిమిషాల లెక్కన ముందుకి పరుగెడుతుంది. అలా జరిగితే కంగారుపడి విప్పించకు, అయస్కాంతం పోగొట్టే డీమాగ్నెటైజర్ మీద ఒక్కసారి పెడితే చాలావరకు దారికొస్తుంది. దాని మీద 30 మీటర్లు అని ఉన్నా చేతులు కడిగేటప్పుడు పడే చుక్కలకే అది. వానలో తడపకు, స్నానానికి అసలే వద్దు. పెళ్లిలో కాళ్లు కడిగే తంతు ఉంటే ముందే తీసి మీ ఆవిడకివ్వు. కీ ఎప్పుడూ చేతి నుంచి తీశాకే ఇవ్వు. చేతి మీద ఉండగా ఇస్తే క్రౌన్ (కీ తిప్పే గుండీ) కాడ పక్కకి ఒంగుతుంది. గట్టిగా తగిలిందంటే ఆపెయ్యి.

బెల్టులు రెండు ఉంచుకో, తోలువే. ఏప్రిల్, మే నెలల్లో ఒకే బెల్టు రోజూ కడితే చెమటకి లోపలి తోలు గట్టిపడి వాసన వేస్తుంది. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి, గాలికి ఒక రాత్రి బయట ఉంచాకే పెట్టెలో పెట్టు. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు వెయ్యి, రంగు మారితే మార్చెయ్యి. రివర్సో బెల్టు దాని కోసమే కత్తిరించింది కొను. మామూలు దుకాణం బెల్టు తగిలిస్తే పెట్టె దగ్గర సందు కనిపిస్తుంది, కొన్ని మందపు బెల్టులు తిప్పేటప్పుడు అడ్డం పడతాయి.

ఆదివారంలోగా అట్టముక్కలు రెండూ కత్తిరించి, తెల్లచొక్కా కఫ్ గుండీ పెట్టుకుని, అద్దం ముందు తీసిన ఫొటోలు పంపించు. లార్జా మీడియమా అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ మేనమామ